ఇంగ్లీషు సాహిత్య యుగాలు: బట్టీ పట్టకుండా పట్టు సాధించడం ఎలా

ఎం.ఏ. ఇంగ్లీషులో చేరినవాళ్లకైనా, యూజీసీ నెట్‌కో జూనియర్ లెక్చరర్ (జేఎల్) పరీక్షకో ప్రిపేర్ అయ్యేవాళ్లకైనా మొదట చేతికొచ్చేది ఒక పట్టిక. ఓల్డ్ ఇంగ్లిష్, మిడిల్ ఇంగ్లిష్, రినైసాన్స్, రిస్టోరేషన్, ఆగస్టన్, రొమాంటిక్, విక్టోరియన్, మోడర్న్. ఒక్కోదాని పక్కన రెండు తేదీలు, నలుగురైదుగురు రచయితలు, "లక్షణాలు" అంటూ అరడజను పాయింట్లు. పరీక్ష ముందు రాత్రి చదివి, పరీక్ష అయిన మర్నాడు మర్చిపోతారు. అందులో వింతేమీ లేదు. ఆ పట్టికలో ఒక యుగం పోయి ఇంకో యుగం ఎందుకొచ్చిందో ఎక్కడా ఉండదు మరి.

దీన్ని వేరే దారిలో నేర్చుకోవచ్చు. పుస్తకం పుట్టడానికి రచయిత ప్రతిభ ఒక్కటే చాలదు. చదివేవాళ్లు ఉండాలి, డబ్బు పెట్టేవాళ్లు ఉండాలి, అచ్చేసేవాళ్లు ఉండాలి, ప్రభుత్వం పట్టుకుపోకుండా ఉండాలి. ఈ నాలుగింట్లో ఏది మారినా సాహిత్యం రూపు మారుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క ఆలోచన మీదే నడుస్తుంది.

మొదటి మెట్టు: పట్టిక రాసుకోండి, కానీ దాన్ని నమ్మకండి

ఒక తెల్లకాగితం మీద యుగాల పేర్లు, తేదీలు రాయండి. తర్వాత ఆ పేర్లు ఎక్కడినుంచి వచ్చాయో పక్కనే రాయండి. ఎలిజబెతన్, జాకబియన్, విక్టోరియన్ అనేవి సింహాసనం మీద కూర్చున్నవాళ్ల పేర్లు. రిస్టోరేషన్ అనేది 1660లో రాజరికం తిరిగి రావడమనే రాజకీయ ఘటన. రొమాంటిక్ అనేది ఒక ధోరణి పేరు, అదీ తర్వాతివాళ్లు తగిలించింది. వర్డ్స్‌వర్త్ తనను తాను రొమాంటిక్ కవినని ఎప్పుడూ అనుకోలేదు. అంటే ఈ పట్టికలో ఒక వరస రాజులది, ఒక వరస రాజకీయాలది, ఇంకో వరస అభిరుచులది. ఇన్ని రకాల కొలతలు కలిసిపోయాయి కాబట్టే హద్దుల దగ్గర గందరగోళం. రొమాంటిక్ యుగం 1789లో మొదలైందా, 1798లోనా అని గొడవపడే గైడ్లు రెండూ ఒప్పే. ఒకటి ఫ్రెంచి విప్లవాన్ని చూస్తోంది, ఇంకొకటి వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి తెచ్చిన కవితల పుస్తకం లిరికల్ బాలడ్స్ అచ్చయిన ఏడాదిని చూస్తోంది.

రెండో మెట్టు: నాలుగు ప్రశ్నలు

ప్రతి యుగాన్నీ ఈ నాలుగూ అడగండి.

చదవడం ఎవరికి వచ్చు?
రచయితకి డబ్బు ఎవరిస్తున్నారు?
రచన జనానికి ఎలా చేరుతోంది: చేతిరాతా, రంగస్థలమా, అచ్చుపుస్తకమా, పత్రికా?
ఏం రాస్తే జైలు, లేదా అంతకన్నా ఘోరం?

మతం, తత్వం, సైన్సు వద్దా అంటే, కావాలి. కానీ వాటితో మొదలుపెడితే "ఆ కాలపు స్ఫూర్తి" లాంటి గాలిమాటల్లో పడిపోతాం. ముందు డబ్బు, చదువు, అచ్చు, చట్టం చూసుకుని తర్వాత భావాల దగ్గరికి వస్తే కాళ్లు నేల మీద ఉంటాయి.

మూడో మెట్టు: యుగాల మీద ప్రశ్నలు ప్రయోగించడం

అసలు పని ఇక్కడుంది. అన్ని యుగాలకీ సమానంగా టైం పెట్టక్కర్లేదు.

1066లో నార్మన్లు గెలిచాక ఇంగ్లండులో కొలువులో, కోర్టులో ఫ్రెంచి, చర్చిలో లాటిన్. ఇంగ్లీషు సామాన్యుల నోట మిగిలింది. దాదాపు 300 ఏళ్ల తర్వాత 1348–49లో వచ్చిన ప్లేగు జనాభాలో మూడో వంతుకు తగ్గకుండా తుడిచిపెట్టేసింది. కూలీలకు కరువొచ్చింది, కూలి రేట్లు పెరిగాయి, వాటిని ఆపాలని 1351లో చట్టం తెచ్చారు, 1381లో రైతులు తిరగబడ్డారు. ఈ మధ్యలోనే 1362లో కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని శాసనం వచ్చింది. ఇప్పుడు ఇంగ్లీషులో రాసిన కవి చాసర్‌ని చూడండి. ద్రాక్షసారా వ్యాపారి కొడుకు, ఉన్ని మీద సుంకం లెక్కలు చూసే ఉద్యోగి. తిరగబడ్డ రైతులు లండన్లోకి దూసుకొచ్చిన ఆల్డ్‌గేట్ ద్వారం పైనున్న ఇల్లు అప్పుడు ఆయన ఉంటున్నదే. కాంటర్‌బరీకి యాత్ర వెళ్లేవాళ్లు చెప్పుకునే కథల పుస్తకం కాంటర్‌బరీ టేల్స్‌లో నైటు (అశ్వవీరుడు) పక్కనే పిండిమర అతను, బట్ట నేయించే బాత్ ఊరి ఆడమనిషి దారిలో కథలు చెప్పడం, నైటు కథ అవగానే తాగిన మైకంలో పిండిమర అతను వరస తప్పించి దూరిపోవడం ఊరికే వచ్చిన సరదా కాదు. అందరూ తమ చోటు వదిలి కదులుతున్న సమాజం అది.

1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో ప్రెస్సు పెట్టాడు. 1534లో ఎనిమిదో హెన్రీ పోప్‌తో తెగదెంపులు చేసుకున్నాడు. ఈ రెండూ కలిశాక బైబిల్ ఇంగ్లీషులో చదవడం పెద్ద రాజకీయమైపోయింది. కొత్త నిబంధనను ఇంగ్లీషులో అచ్చు వేయించిన టిండేల్‌ని 1536లో చంపేశారు. 1611 నాటికి రాజు పేరు మీదే ఇంగ్లీషు బైబిల్ వచ్చింది. నాలుగో ప్రశ్నకి జవాబు 75 ఏళ్లలో ఎంత తిరగబడిందో గమనించండి.

ఇక నాటకం దగ్గర కాసేపు ఆగాలి. 1572 చట్టం ప్రకారం ఏ ప్రభువు అండా లేని నటులు దేశదిమ్మరుల కింద లెక్క, పట్టుకుని కొట్టొచ్చు. అందుకే షేక్‌స్పియర్ ఉన్న "లార్డ్ చాంబర్లేన్స్ మెన్" లాంటి బృందాల పేర్లు. 1576లో జేమ్స్ బర్బేజ్ అనే నటుడు, అసలు వృత్తి వడ్రంగం, లండన్ నగర అధికారుల చేయి పడని షోర్‌డిచ్‌లో "థియేటర్" కట్టాడు. స్థలం లీజు తగాదా ముదిరితే, 1598 డిసెంబరులో ఆ కట్టడాన్ని విప్పేసి, దూలాలు థేమ్స్ నది దాటించి, 1599లో వాటితోనే గ్లోబ్ లేపారు. అదీ నగర పరిధి బయటే, ఎలుగుబంట్ల మీదికి కుక్కల్ని వదిలే ఆటస్థలాల పక్కన. ఒక్క పెన్నీ ఇస్తే నిలబడి చూడొచ్చు. చదువు రాని కూలీ, న్యాయవిద్యార్థి, ప్రభువు ఒకే ప్రాంగణంలో. షేక్‌స్పియర్ హామ్లెట్‌లో తత్వం పక్కనే గోతులు తవ్వేవాళ్ల జోకులు ఎందుకున్నాయంటే ఇదీ కారణం: టికెట్టు కొన్న అందరికీ గిట్టుబాటు కావాలి. 1608లో ఈ బృందమే బ్లాక్‌ఫ్రయర్స్ అనే పైకప్పున్న నాటకశాలను చేజిక్కించుకుంది. అక్కడ అందరికన్నా తక్కువ టికెట్టే ఆరు పెన్నీలు. కొవ్వొత్తుల వెలుగు, సంగీతం, డబ్బున్న ప్రేక్షకులు. టెంపెస్ట్ లాంటి చివరి నాటకాల్లో సంగీతం, మాయాదృశ్యాలు పెరగడాన్ని ఈ హాలుతో కలిపి చదవండి.

1642లో రాజుకీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం మొదలైంది, పార్లమెంటు నాటకశాలలు మూయించింది. 1649లో రాజు తల తీశారు. 1660లో అతని కొడుకు తిరిగొచ్చాడు, నాటకాలూ తిరిగొచ్చాయి, అయితే రెండే లైసెన్సు కంపెనీలతో, రాజాస్థానపు అభిరుచితో, మొదటిసారి ఆడవేషాలు ఆడవాళ్లే కట్టడంతో. రిస్టోరేషన్ కామెడీ ఎందుకంత గడుసుగా ఉంటుందో చెప్పడానికి ఈ మూడు వాక్యాలు చాలు.

పద్దెనిమిదో శతాబ్దంలో మళ్లీ నిదానించండి. నా ఉద్దేశంలో మొత్తం సిలబస్‌లో సమాజానికీ సాహిత్యానికీ ఉన్న ముడి అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ఇక్కడే. మనవాళ్లు దీన్నే "హేతువాద యుగం, పొడి కవిత్వం" అని ఒక లైన్లో తేల్చేస్తారు. 1695లో అచ్చుకు ముందస్తు అనుమతి కావాలన్న చట్టానికి గడువు తీరిపోయింది, పార్లమెంటు దాన్ని పొడిగించలేదు. వెంటనే పత్రికలు మొలిచాయి. 1702లో మొదటి దినపత్రిక, 1709లో టాట్లర్, 1711లో స్పెక్టేటర్. స్పెక్టేటర్ రోజూ 3 వేల కాపీలు పోతోందని, ఒక్కో కాపీని 20 మంది చదువుతారని ఆ పత్రిక నడిపిన అడిసన్ స్వయంగా రాసుకున్నాడు. ఆ 20 మందీ కాఫీహౌసుల్లో చదివేవాళ్లు. వ్యాపారులు, గుమస్తాలు, లాయర్లు. వాళ్లకి మర్యాద, అభిరుచి, డబ్బు గురించి తేలిక వచనంలో చెప్పే వ్యాసం కావాలి. వ్యాసం అనే ప్రక్రియ అలా కుదురుకుంది.

1710లో కాపీరైట్ చట్టం వచ్చింది, హక్కు మొదటిసారి రచయిత పేర చేరింది. కాథలిక్ అయినందుకు యూనివర్సిటీకీ సర్కారు కొలువుకీ దూరమైన కవి అలెగ్జాండర్ పోప్, హోమర్ గ్రీకు కావ్యం ఇలియడ్ అనువాదానికి ముందే చందాలు కట్టించుకుని ప్రభువుల దయ లేకుండా బతికాడు. 1755లో జాన్సన్ తన నిఘంటువు బయటికి రాబోతుండగా, కష్టకాలంలో పట్టించుకోని చెస్టర్‌ఫీల్డ్ ప్రభువుకి రాసిన ఉత్తరం ఈ కథలోదే. ఆ ఉత్తరాన్ని ఒక్కసారైనా పూర్తిగా చదవండి. కోపం ఎంత మర్యాదగా ఉండొచ్చో తెలుస్తుంది.

నవల ఎలా వచ్చిందో చూడండి. ప్రధాని వాల్పోల్ ప్రభుత్వం మీద వెక్కిరింపు నాటకాలు రాసేవాడు ఫీల్డింగ్. 1737లో ప్రభుత్వం నాటకాల లైసెన్సింగ్ చట్టం తెచ్చింది. ప్రతి నాటకం ముందుగా అనుమతి పొందాలి. ఫీల్డింగ్ నాటకరంగం వదిలి లా చదువుకున్నాడు. 1740లో రిచర్డ్‌సన్ అనే అచ్చాఫీసు యజమాని, ఉత్తరాలు ఎలా రాయాలో నేర్పే పుస్తకం పని మీద ఉండగా పట్టుకున్న ఆలోచనతో, ఒక పనిమనిషి ఉత్తరాల రూపంలో పామెలా రాశాడు. ఊరూవాడా ఊగిపోయింది. ఫీల్డింగ్‌కి ఒళ్లు మండి 1741లో దాన్ని వెక్కిరిస్తూ షామెలా, 1742లో జోసెఫ్ ఆండ్రూస్, 1749లో టామ్ జోన్స్ రాశాడు. సెన్సారు నాటకాన్ని నొక్కితే ప్రతిభ నవల వైపు పొంగింది. చదువు ప్రశ్న కూడా ఇక్కడే వేసుకోండి. 1754 నుంచి పెళ్లి రిజిస్టర్లో సంతకం తప్పనిసరి కావడంతో చరిత్రకారులకు లెక్క దొరికింది: సుమారు 60 శాతం మగవాళ్లు, 40 శాతం వరకు ఆడవాళ్లు సంతకం పెట్టగలిగారు, మిగతావాళ్లు గీటు గీశారు. పామెలా చదివే ఆడవాళ్లు ఎక్కడినుంచి వచ్చారన్న ప్రశ్నకి ఇది సగం జవాబు. అద్దెకు పుస్తకాలిచ్చే లైబ్రరీలు మిగతా సగం.

రొమాంటిక్ యుగానికి రాగానే అందరూ "ప్రకృతి ఆరాధన" అని రాసి పెన్ను కింద పెట్టేస్తారు. ఆ ప్రకృతికి ఏమవుతోందో అడగరు. 1750–1850 మధ్య సుమారు 4 వేల ఎన్‌క్లోజర్ చట్టాలతో ఊరి ఉమ్మడి భూములకు కంచెలు పడ్డాయి. పశువులు మేపుకుని, పుల్లలేరుకుని బతికే పేదలు కూలీలయ్యారు, చాలామంది మిల్లుల ఊళ్లకు చేరారు. వర్డ్స్‌వర్త్ "మైకేల్" చదవండి. ముసలి గొర్రెలకాపరి, తాతల నాటి చిన్న కమతం, దాన్ని నిలుపుకోవడానికి కొడుకుని పట్నం పంపడం, కొడుకు చెడిపోవడం, కట్టడం మొదలుపెట్టిన గొర్రెలదొడ్డి రాళ్లు అలాగే ఉండిపోవడం. 1801 జనవరిలో వర్డ్స్‌వర్త్ ఈ పుస్తకాన్ని చార్లెస్ జేమ్స్ ఫాక్స్ అనే పార్లమెంటు నాయకుడికి పంపుతూ, సొంత చెక్క ఉన్న చిన్నరైతులు కనుమరుగవుతున్నారని ఉత్తరం రాశాడు. పూలను చూసి మురిసే కవి పార్లమెంటు సభ్యుడికి ఉత్తరమెందుకు రాస్తాడు? బ్లేక్ 1794 నాటి "లండన్"లో చిమ్నీలు ఊడ్చే పిల్లాడి అరుపు చర్చిని, సైనికుడి నిట్టూర్పు రాజభవనాన్ని, వేశ్య శాపం పెళ్లిని తాకుతాయి. పదహారు పంక్తుల్లో మూడు వ్యవస్థలు. నాలుగో ప్రశ్నకి షెల్లీ ఉన్నాడు: 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లో ఓటుహక్కు అడిగిన జనం మీదికి గుర్రపుదళాన్ని తోలారు. ఇటలీలో ఉన్న షెల్లీ ఆ వార్త విని రాసి పంపిన పద్యాన్ని స్నేహితుడు అచ్చు వేయడానికి భయపడ్డాడు. 1832లో వెలుగు చూసింది, అప్పటికి షెల్లీ పోయి పదేళ్లు.

విక్టోరియన్ నవలలు ఎందుకంత లావు? ఈ ప్రశ్న వేయని విద్యార్థిని నేను చూడలేదు. జవాబు ధరలో ఉంది. కొత్త నవల మూడు సంపుటాలు, 31 షిల్లింగుల ఆరు పెన్నీలు. మధ్యతరగతి కూడా కొనలేదు. అందుకని ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు, కట్టి మ్యూడీస్ లైబ్రరీలో చందాదారులయ్యేవాళ్లు. ఒక చందాకి ఒకసారి ఒక సంపుటమే. నవల మూడు ముక్కలైతే మ్యూడీస్‌కి లాభం. ఇంట్లో ఆడపిల్లలు కూడా చదువుతారు కాబట్టి మ్యూడీస్ కాదన్న పుస్తకం ప్రచురణకర్తకి బరువు. చట్టం లేకుండానే సెన్సారు. రెండో దారి సీరియల్. 1836లో డికెన్స్ పిక్‌విక్ పేపర్స్ నెలకో షిల్లింగు చొప్పున భాగాలుగా రావడం మొదలైంది. మొదట్లో అంతంతమాత్రం, సామ్ వెల్లర్ అనే నౌకరు పాత్ర ప్రవేశించాక అమ్మకాలు లేచాయి, చివరికి నెలకి 40 వేల కాపీలు. ఒకప్పుడు మన వారపత్రికల్లో సీరియల్ కోసం బుధవారమో శుక్రవారమో ఎదురుచూసిన ఇళ్లు గుర్తున్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. భాగం చివర ఉత్కంఠ, ఒక్కో పాత్రకి గుర్తుండిపోయే మాటతీరు, ఇవన్నీ నెల తర్వాత కూడా పాఠకుడు మర్చిపోకుండా ఉండటానికి.

1851 జనగణనలో ఇంగ్లండు, వేల్స్ జనాభాలో సగానికి పైగా పట్టణాల్లో ఉన్నారని తేలింది. 1855లో పత్రికల మీద స్టాంపు పన్ను, 1861లో కాగితం మీద సుంకం పోయాయి. 1870 విద్యా చట్టం ప్రాథమిక బళ్లు తెచ్చింది. ఇవి డార్విన్ 1859 పుస్తకం కన్నా తక్కువ ముఖ్యం కాదు, కానీ గైడ్లలో డార్విన్‌కి పేజీ, కాగితం సుంకానికి సున్నా. పత్రిక ఎడిటర్లు ఎంత భయస్థులో చూడాలంటే హార్డీ నవల టెస్ దగ్గరికి వెళ్లండి. నవలలో ఏంజెల్ నీళ్లు నిండిన బాట మీద పాలుపితికే అమ్మాయిల్ని ఒక్కొక్కరినీ చేతులమీద ఎత్తుకుని దాటిస్తాడు. 1891లో గ్రాఫిక్ పత్రికలో వచ్చినప్పుడు అదే ఏంజెల్ వాళ్లని తోపుడుబండిలో కూర్చోబెట్టి దాటించాడు. ఒక యుగం నీతి గురించి పది పేజీలు చదివేకంటే ఆ తోపుడుబండిని తలుచుకోవడం మేలు.

మోడర్నిజం గురించి యుద్ధం, ఫ్రాయిడ్, నిరాశ అని అందరూ చెబుతారు, తప్పులేదు. 1918 నవంబరు 4న, యుద్ధం ఆగడానికి వారం ముందు యుద్ధకవి ఓవెన్ చనిపోయాడు. కానీ డబ్బు ప్రశ్న వేస్తే ఇంకోటి కనిపిస్తుంది. 1870 చట్టం బడికి పంపిన పిల్లలు పెద్దవాళ్లై, 1896లో అర పెన్నీకి వచ్చిన డెయిలీ మెయిల్‌కి పాఠకులయ్యారు. మార్కెట్ అంతా అటుపోతే, కష్టమైన సాహిత్యం చిన్నచిన్న పత్రికలకీ, పోషకులకీ తిరిగొచ్చింది. నవలాకారుడు జాయిస్‌కి హారియట్ షా వీవర్ ఏళ్ల తరబడి డబ్బిచ్చింది. ఆయన నవల యులిసీస్‌ని 1922లో పారిస్‌లో ఒక పుస్తకాల కొట్టు యజమానురాలు అచ్చేసింది. వర్జీనియా వుల్ఫ్ దంపతులు 1917లో ఇంట్లోనే ప్రెస్సు పెట్టుకున్నారు. ఏ ఎడిటర్‌కీ జవాబు చెప్పక్కర్లేని రచయిత్రి ఎలా రాస్తుందో ఆమె నవల మిసెస్ డాలోవే చూపిస్తుంది.

1945 తర్వాత కాలానికి నాలుగు తేదీలతో మొదలుపెట్టండి: అందరికీ ఉచిత హైస్కూలు చదువు తెచ్చిన 1944 చట్టం, కరీబియన్ నుంచి వలసవచ్చినవాళ్లతో విండ్‌రష్ ఓడ చేరిన 1948, సూయెజ్ పరాభవం, ఆస్బర్న్ నాటకం లుక్ బ్యాక్ ఇన్ యాంగర్, సామ్ సెల్వన్ నవల ద లోన్లీ లండనర్స్ ఒకేసారి కనిపించే 1956, నాటకాల ముందస్తు సెన్సారు రద్దయిన 1968. 1737లో మొదలైన కథ ఆ చివరి తేదీతో ముగిసింది.

నాలుగో మెట్టు: రచనలో గుర్తు వెతకండి

నేపథ్యం వేరే పేరాలో, నవల వేరే పేరాలో రాస్తే ఉపయోగం లేదు. సమాజం రచనలో ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపించాలి. జేన్ ఆస్టెన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ 1813 నాటిది, నెపోలియన్‌తో యుద్ధం జరుగుతున్న రోజులు. నవలలో నెపోలియన్ పేరే రాదు. కానీ మెరిటన్‌లో మిలీషియా దిగుతుంది, విక్‌హమ్ అందులోనే వస్తాడు, రెజిమెంటు బ్రైటన్‌కి కదిలితే లిడియా వెంట పోతుంది. యుద్ధం లేకపోతే కథ లేదు. బింగ్లీకి వారసత్వంగా వచ్చిన సుమారు లక్ష పౌన్లు వ్యాపారం మీద సంపాదించినవి, కానీ అతని అక్కచెల్లెళ్లకి అది గుర్తుచేసుకోవడం ఇష్టం ఉండదు. ఆస్తి మగ వారసుడికే పోయే ఏర్పాటు వల్ల బెనెట్ ఇంట్లో అయిదుగురు ఆడపిల్లల పెళ్లిళ్లు టెన్షన్. మీరు చదివే ప్రతి పుస్తకంలో ఇలాంటివి మూడు పట్టుకోండి.

అయిదో మెట్టు: ఇమడనివాళ్లని పక్కకి తోయకండి

ఆస్టెన్ రొమాంటిక్ యుగంలో ఉంది, రొమాంటిక్ కాదు. మిల్టన్ పారడైజ్ లాస్ట్ 1667లో, రిస్టోరేషన్ సరదాల నడుమ వచ్చింది, ఓడిపోయిన విప్లవ పక్షం మనిషి గొంతుతో. హాప్‌కిన్స్ 1889లో చనిపోతే ఆయన కవితలు పుస్తకంగా 1918లో వచ్చాయి, ఏ గదిలో పెడతారు? వీళ్లని "మినహాయింపులు" అని వదిలేయకుండా, నాలుగు ప్రశ్నల్లో దేనికి వీళ్ల జవాబు తేడాగా ఉందో చూడండి. హాప్‌కిన్స్ మతగురువు, కవిత్వం మీద బతకలేదు, మార్కెట్‌కి రాయలేదు. అంత వింత లయ రాయగలగడంలో దానికీ భాగముంది. అలాగని ప్లేగు వచ్చింది కాబట్టి చాసర్ పుట్టాడు అనేంత దూరం పోవద్దు. ప్లేగు చూసిన దేశాలన్నింట్లో చాసర్లు పుట్టలేదు. సమాజం దారి తెరుస్తుంది, నడిచేది రచయితే.

ఆరో మెట్టు: మన వైపు నుంచి ఒక చూపు

ఈ సబ్జెక్టు మన దగ్గరికి ఇంగ్లీషు చదువే కావాలన్న 1835 నాటి మెకాలే మినిట్ (సర్కారు నివేదిక), 1857 నాటి మద్రాసు యూనివర్సిటీ దారిన వచ్చింది. 1766 నాటి గోల్డ్‌స్మిత్ నవల వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ ఆధారంగా కందుకూరి వీరేశలింగం 1878లో రాజశేఖర చరిత్ర రాశారు. రాయప్రోలు, కృష్ణశాస్త్రి భావకవిత్వం వెనక ఇంగ్లీషు రొమాంటిక్ కవుల చదువు ఉంది. కానీ ఇక్కడ అక్కడున్నన్ని మిల్లులూ లేవు, ఎన్‌క్లోజర్ చట్టాలూ లేవు. సిలబస్ దారిన వచ్చిన కవిత్వం, వేరే సమాజంలో వేరే పని చేసింది. రెంటికీ అవే నాలుగు ప్రశ్నలు వేసి పోల్చి చూడండి, పరిశోధన స్థాయి వ్యాసానికి సరిపడే సరుకు దొరుకుతుంది.

ఏడో మెట్టు: సాధన

ఒక్కో పదేళ్లు తీసుకుని పేజీ నింపండి. 1850లతో మొదలెడితే తేలిక: 1850 టెన్నిసన్ కావ్యం ఇన్ మెమోరియమ్, 1851 గ్రేట్ ఎగ్జిబిషన్, 1853–56 క్రిమియా యుద్ధం, 1854 ఆ యుద్ధం మీద టెన్నిసన్ లైట్ బ్రిగేడ్ పద్యం, అదే ఏడాది వారవారం వచ్చిన డికెన్స్ నవల హార్డ్ టైమ్స్, 1855 స్టాంపు పన్ను రద్దు, 1859 డార్విన్. ఏది దేనికి ముడిపడుతుందో బాణం గుర్తులు గీయండి. ముడిపడనివాటికి గీయకండి.

తర్వాత 1590లు. ఈసారి సాయం లేకుండా చేయండి, ఒక్క ఆధారం మాత్రం ఇస్తాను: 1592 నుంచి 1594 దాకా ప్లేగు వల్ల లండన్ నాటకశాలలు ఎక్కువకాలం మూతపడ్డాయి, 1593లో షేక్‌స్పియర్ వీనస్ అండ్ అడోనిస్ అనే కథాకావ్యం అచ్చు వేయించి సౌతాంప్టన్ ప్రభువుకి అంకితమిచ్చాడు. నాలుగు ప్రశ్నల్లో దేనికి ఇది జవాబో రాసి, అక్కడినుంచి మొదలుపెట్టండి.